రోహిణి, వల నంబరు ఐదు

పోయిన డిసెంబరులో ఒక రాత్రి ఎనిమిదింటికి మా మనవరాలు నన్ను చెయ్యి పట్టుకుని మేడ మీదికి లాక్కెళ్లింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. చేతిలో వాళ్ల నాన్న ఫోను, అందులో స్టెల్లేరియం అనే ఆకాశపటం. జ్యోతినగర్‌లో నక్షత్రాలు చూడాలనుకోవడం పెళ్లిబాజాల పక్కన కూర్చుని గుసగుసలు వినాలనుకోవడం లాంటిది. ఊరి పేరులోనే వెలుగుంది. 2600 మెగావాట్ల కరెంటు పుట్టే చోటు పక్కన కాపురం. అది చాలదన్నట్టు 800 మెగావాట్ల కొత్త యూనిట్లు రెండు వచ్చి చేరాయి. చిమ్నీల మీది ఎర్ర దీపాలు చుక్కల కన్నా నిక్కచ్చిగా వెలుగుతాయి. చిన్నా చితకా చుక్కలన్నీ ఆ వెలుతురులో కరిగిపోతాయి. అయినా తూర్పున, వేపచెట్టు కొమ్మల పైన ఒకటి మాత్రం నిలబడి ఉంది. ఆరబోయే ముందు నిప్పుకణికకు ఉండే రంగు దానిది.

"అదే బిడ్డా రోహిణి" అన్నాను.

ఆ పిల్ల ఫోనులో ఏదో నొక్కింది. అప్పటిదాకా తెర మీదున్న ఎద్దు బొమ్మ మాయమై దాని చోట గీతలతో ఇంకేదో వచ్చింది. "తాతా, చైనావాళ్ల ఆకాశం పెట్టిన. ఇండ్ల రోహిణి లేదు. బీ షియు వూ అని ఉంది. అంటే వల ఐదు అట." కాసేపు ఆగి, "గిదేం పేరు తాతా? రోల్ నంబర్ లెక్క ఉంది" అంది.

నవ్వి ఊరుకున్నాను గానీ ఆ మాట వారం రోజులు నన్ను వదల్లేదు. ఎందుకంటే నా ఉద్యోగమంతా బొగ్గుబాయి మీద లాంపురూములోనే గడిచింది. మనుషులకు నంబర్లుండటం ఏమిటో, పేర్లుండటం ఏమిటో నాకు కొంత తెలుసు.

ముందు ఆ చైనా పేరు సంగతి. మనకు చంద్రుడు నడిచే దారిలో 27 నక్షత్రాలున్నట్టే వాళ్లకు 28 షియులు ఉన్నాయి. షియు అంటే బస, రాత్రి మజిలీ. అందులో ఒకటి బీ. పిట్టల్నీ కుందేళ్లనీ పట్టడానికి కర్రకు కట్టి విసిరే వల అది. ఎనిమిది చుక్కల వల. మూతి విప్పిన వలలా కొన్ని, దాని వెనక పిడిలా దూరంగా ఒకటి. ఆ ఎనిమిదింటికీ వరసగా ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్క. మన రోహిణి అందులో ఐదోది. చిత్రమేమిటంటే ఆ గుంపులో అన్నిటికన్నా ప్రకాశమైనది అదే. ఆకాశం మొత్తంలోనే మొదటి పదిహేను చుక్కల్లో ఒకటి. అయినా దానికి ఐదో నంబరే దక్కింది. అంటే ఆ లెక్క గొప్పను చూసి వేసింది కాదు, నిలబడిన చోటును చూసి వేసింది. వాళ్ల ఒకటో నంబరు చుక్క కూడా రోహిణి లాగే నారింజ రంగు మహాతారే. 2007లో దాని చుట్టూ ఒక గ్రహం తిరుగుతోందని కూడా తేల్చారు. కంటికి మాత్రం రోహిణి పక్కన వెలవెలబోతుంది.

నంబరు పక్షాన చెప్పవలసింది చాలా ఉంది. లాంపురూములో గోడకు ఒక పలక, దానికి వరసగా కొక్కేలు, కొక్కేలకు ఇత్తడి బిళ్లలు. బాయిలోకి దిగేటోడు బిళ్ల ఇచ్చి అదే నంబరున్న టోపీదీపం తీసుకుంటాడు, పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల పట్టుకుపోతాడు. షిఫ్టు దిగాక పలక మీద ఒక్క బిళ్ల మిగిలినా ఒక మనిషి ఇంకా కిందున్నాడని అర్థం. అక్కడ పేరుతో పని నడవదు. ఒక షిఫ్టులో నలుగురు రాజయ్యలు, ముగ్గురు మల్లయ్యలు ఉంటారు. నంబరు ఒక్కడికే ఉంటుంది. చీకట్లో ఉన్న మనిషిని లెక్కతప్పకుండా పట్టుకునేది అదొక్కటే. ఆకాశం కూడా చీకటే కదా. బీ షియు వూ అంటే భూమి మీద ఏ మూల నుంచి చూసినా, ఏ కాలంలో చూసినా ఆ ఒక్క చుక్కే. రెండోది కాదు.

రోహిణి అలా కాదు. ఆ మాటకు ఎన్ని అర్థాలో లెక్కపెట్టండి. ఎర్రగా వెలిగే ఆ చుక్క రోహిణి. దాని చుట్టూ ఆకాశంలో 13 డిగ్రీల 20 నిమిషాల మేర ఒక భాగం, అదీ రోహిణే. సూర్యుడు ఆ భాగంలో ఉండే పద్నాలుగు రోజులు రోహిణి కార్తె. చంద్రుడు ఆ భాగంలో ఉండగా పుట్టిన పిల్లాడిదీ రోహిణి నక్షత్రమే. దక్షుడి కూతుళ్లలో చంద్రుడు ముద్దుచేసిన భార్యా రోహిణే. పంచాంగం తిరగేసేవాడికి ఏది ఎక్కడ అర్థం చేసుకోవాలో తెలుసు. మా మనవరాలికి తెలియదు. "నీ జన్మ నక్షత్రం రోహిణి" అంటే ఆ చుక్క తన నెత్తిన కూర్చుందనే అనుకుంటుంది. పెద్దవాళ్లలోనూ చాలామంది అలాగే అనుకుంటారు.

ఆ అనుకోవడంతో వచ్చే చిక్కు చిన్నదేమీ కాదు. రోహిణిలో మగపిల్లాడు పుడితే మేనమామకు గండం అంటారు, కృష్ణుడు కంసుడి కథ ఊరికే పోలేదు. మా వీధిలోనే ఒక ఇంట్లో పుట్టిన పసివాణ్ని వాడి మేనమామ నెలన్నర దాకా చూడ్డానికి రాలేదు. నూనెలో నీడ చూపించి, శాంతి చేయించాక వచ్చాడు. వల ఐదు అనే పేరు విని ఏ మేనమామా అలా భయపడడు కదా అనిపిస్తుంది.

అనిపిస్తుంది, అంతే. చైనావాళ్ల పాత పుస్తకాల్లో ఆ ఐదో చుక్కకు సరిహద్దు సేనాని అని కూడా పేరుంది. వల గుంపంతా సరిహద్దు సైన్యాలకు, వేటకు సంబంధించినదని లెక్క. ఆ చుక్కలు ఎలా ఉన్నాయో చూసి రాజులు సరిహద్దులో యుద్ధం ఊహించేవారు. మనం మేనమామకు భయపడ్డాం, వాళ్లు దండయాత్రకు భయపడ్డారు. నంబర్ల వరస ఇప్పటి రూపంలో స్థిరపడింది చాలా తర్వాత, చింగ్ రాజుల కాలంలో, 18వ శతాబ్దపు నక్షత్ర పట్టికలతో. పైగా అన్నిటికీ నంబర్లు పెట్టలేదు వాళ్లు. మన స్వాతి కూడా నారింజ రంగు మహాతారే. దాన్ని దాజియావ్ అంటారు, అంటే పెద్ద కొమ్ము. నంబరు లేదు, ఒంటరి పేరు. కాబట్టి కథలన్నీ మనవి, లెక్కలన్నీ వాళ్లవి అని పంచేసుకుంటే తప్పవుతుంది.

నంబరుకు ఇంకో లోపం ఉంది. లాంపురూములో నంబరు అబద్ధం చెప్పదు గానీ ఆకాశంలో చెబుతుంది. వల ఐదు అన్నామంటే ఆ చుక్క వలలోదే అనుకుంటాం. కాదు. వలలోని మిగతా చుక్కల్లో ఎక్కువ భాగం ఒకే కుటుంబం, ఒకేసారి పుట్టి కలిసి కదిలే గుంపు, మనకు సుమారు 150 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. రోహిణి 65 కాంతి సంవత్సరాల్లోనే ఉంది. వలలో చిక్కిన పిట్ట కాదది, వలకూ మనకూ నడుమ ఎగురుతున్న పిట్ట. మన పాతవాళ్లు కూడా ఆ గుంపును ఒక వస్తువుగానే చూశారు, రోహిణీ శకటం అన్నారు. శని ఆ బండిని చీల్చుకుపోతే కరువని వరాహమిహిరుడి కాలం నుంచీ ఉన్న మాట. బండి అన్నా వల అన్నా కంటికి కనబడే ఆ కొస వంపే. లోతు ఎవరికీ తెలియదు. పోనీ, తెలిసే దారీ అప్పట్లో లేదు.

ఇక ఎండ. ఈ బొగ్గు బెల్టులో రోహిణి అంటే చుక్క గుర్తుకురాదు, ఎండ గుర్తుకొస్తుంది. మే 25 ప్రాంతంలో కార్తె వస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతయని సామెత. రామగుండంలో 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గుంత అంచున నిలబడ్డవాడికి ఆ సామెత అతిశయోక్తిగా తోచదు. నల్లటి బొగ్గు, నల్లటి రాయి, కింది నుంచి కొట్టే సెగ. మజ్జిగ తాగినా గొంతు తడవదు. "రోహిణి కొడుతున్నది" అంటారు మావాళ్లు, అదేదో గునపం పట్టుకున్న ఆడమనిషి అయినట్టు.

పాపం ఆ చుక్కకు ఇందులో పాత్రే లేదు. సూర్యుడి కన్నా అడ్డంగా 44 రెట్లు పెద్దదే, కానీ దాని వేడి మన దాకా వచ్చేది సున్నా కింద లెక్క. అసలు ఆ రోజుల్లో అది కనబడదు. జూన్ ఒకటి ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా దాని పక్కనే ఉంటాడు, పగటి వెలుతురులో మునిగిపోతుంది. జనం రోహిణిని తిట్టుకునే పక్షం రోజులూ రోహిణి లేని రోజులే. అది బాగా కనబడేది చలికాలం. డిసెంబరు నైట్ షిఫ్టులో దీపాలన్నీ పంచేసి, టీ తాగుదామని బయటికొస్తే అర్ధరాత్రి అది సరిగ్గా నడినెత్తిన ఉండేది. మా ఊరికీ దానికీ ఆ చుట్టరికం ఉంది. ఆకాశంలో దాని దారి మన అక్షాంశానికి రెండు డిగ్రీల పైచిలుకు తేడాలోనే పోతుంది. శాలువా కప్పుకుని తల పైకెత్తితే మెడ నొప్పి పుట్టేంత నిలువునా ఉండేది. అదే చుక్క పేరు చెప్పి మేలో వడదెబ్బ తగిలిందనుకోవడం నాకెప్పుడూ కొంచెం నవ్వు తెప్పించేది.

ఇక్కడే చైనా పేరును పక్కన పెట్టుకుంటే ఒక గమ్మత్తు తెలుస్తుంది. మనకు ఎండ తెచ్చే చుక్క వాళ్లకు వాన తెస్తుంది. 2500 ఏళ్లకు పైబడిన షీ జింగ్ అనే పాటల సంకలనంలోనే, చంద్రుడు బీ దగ్గరికి చేరితే కుండపోత వానలన్న మాట ఉంది. తర్వాతి కాలంలో బీని వాన దేవర చుక్కగా కొలిచారు. గ్రీకులూ ఆ గుంపునే హైయడీస్ అన్నారు, వాన చుక్కలని వాళ్ల నమ్మకం. ఒకే చుక్క మూడు దేశాల్లో మూడు రకాల మొఖం పెట్టింది. ఎందుకంటే ముగ్గురూ చూసింది ఒకే సంగతి కాదు. గ్రీకులు నవంబరు తెల్లవారుజామున ఆ చుక్కలు పడమట కుంగడం చూశారు, అక్కడ వానలు మొదలయ్యేది అప్పుడే. చైనావాళ్లు చంద్రుణ్ని చూశారు. మనం సూర్యుణ్ని చూశాం, అదీ చుక్క కనబడని రోజుల్లో, లెక్కగట్టి. నిజానికి మన రోహిణి వెనకాల ఉన్నదే గట్టి గణితం. కనబడని చుక్క పక్కన సూర్యుడున్నాడని చెప్పాలంటే మాటలు కాదు. కథ పేరని మనం తీసిపారేసేది లెక్క మీద నిలబడి ఉంది, లెక్క పేరని మనం అనుకునేది వల బొమ్మ మీద నిలబడి ఉంది.

రోహిణి పేరుకు కంటి సాక్ష్యం కూడా ఉంది. చంద్రుడు ఆమెనే ముద్దుచేశాడన్న కథ ఊహలో పుట్టింది కాకపోవచ్చు. చంద్రుడి దారిలో పడి ఆయన చేతికందే ప్రకాశమైన చుక్కలు నాలుగే, అందులో ఇదొకటి. 2015 జనవరి నుంచి 2018 సెప్టెంబరు దాకా ప్రతి నెలా భూమ్మీద ఏదో ఒక చోట చంద్రుడు రోహిణిని పూర్తిగా కప్పేశాడు. 18 ఏళ్ల పైచిలుకుకోసారి ఆ వరస మళ్లీ వస్తుంది. పొలం గట్టున పడుకుని చూసినవాడికి ఇది కాపురం లాగే కనిపించి ఉంటుంది. కృష్ణాష్టమి నాటి అర్ధరాత్రి తూర్పున చంద్రుడు పొడిచేసరికి రోహిణి ఆ దాపుల్లోనే ఉంటుంది. ఒక పిల్లకు ఆ చుక్కను గుర్తుపట్టించాలంటే ఈ ఒక్క మాట చాలు. వల ఐదు అని చెబితే ముందు వలను గుర్తుపట్టాలి, ఆ తర్వాత ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ రావాలి. జ్యోతినగర్ ఆకాశంలో ఒకటి, రెండు, మూడు, నాలుగు కనబడవు.

అయితే కార్తె మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లకు ఒక సంగతి చెప్పక తప్పదు. భూమి ఇరుసు మెల్లగా తిరుగుతుండటం వల్ల సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున కార్తెలు ఋతువుల వెంట ముందుకు జరిగిపోతున్నాయి. వరాహమిహిరుడి రోజుల నుంచి ఇప్పటికి దగ్గర దగ్గర మూడు వారాల తేడా వచ్చింది. ఇంకో పదిహేను వందల ఏళ్లకు రోహిణి కార్తె జూన్ సగంలో వస్తుంది. అప్పుడు రోళ్లు పగలవు, నానతాయి. శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో వేసిన పంచాంగ సంస్కరణ సంఘం బాధ కూడా ఇదే, ఋతువుతో తెగిపోతున్న తిథుల గురించే. 1957 మార్చి 22 నుంచి జాతీయ పంచాంగమైతే వచ్చింది గానీ మా బజారులో దాన్ని చూసి విత్తనం వేసినవాడు నాకు కనబడలేదు. ఇప్పటికీ రోహిణి తర్వాతి మిరుగం, అంటే మృగశిర కార్తె, వస్తేనే చేపలు కొనేది, మబ్బులకేసి చూసేది. (రోహిణి దాటిన మర్నాడే ఊరంతా వల కోసం గోదారొడ్డున కాపు కాయడం చైనావాళ్లకు తెలిస్తే సంతోషిస్తారు.)

2016లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఈ చుక్కకు అల్డెబరన్ అనే పేరును ఖాయం చేసింది. అరబ్బీ మాట. వెంటపోయేది అని అర్థం. పిల్లలకోడి గుంపు వెనకే పొడుస్తుంది కాబట్టి. ఆ తర్వాత అదే సంఘం మన భరణినీ రేవతినీ రెండు మసక చుక్కలకు ఇచ్చింది, చైనా పేర్లను కూడా కొన్ని చుక్కలకు ఇచ్చింది. రోహిణికి ఆ అదృష్టం లేదు. ప్రకాశమైన చుక్కలు ముందే పేర్లు దక్కించేసుకున్నాయి, మనకు మిగిలినవి మసకవి. ఇది నాకు కొంచెం కష్టంగానే తోచింది, ఒప్పుకుంటాను. కానీ ఒక చుక్కకు ప్రపంచమంతా ఒకే పేరుండాలన్న అవసరం శాస్త్రానిది, దాన్ని కాదనలేం. పలక మీద రెండు బిళ్లలకు ఒకే నంబరు ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు.

ఒక్కోసారి నంబరు చాలదన్న సంగతీ నాకు తెలుసు. ఒక రాత్రి రెండు గంటలకు మా బాయి మీదికి ఊరి నుంచి ఒకతను సైకిలు మీద వచ్చాడు. "రాజయ్య తండ్రి పోయిండు, జర పిలువుండ్రి" అన్నాడు. నంబరు అడిగితే తెల్లముఖం వేశాడు. ఊళ్లో ఎవడికి నంబరు తెలుస్తుంది? కిందికి ఫోను చేయించాం. ఇద్దరు రాజయ్యలు ఆయాసపడుతూ పైకి వచ్చారు. ఇద్దరికీ ముసలి తండ్రులున్నారు. వచ్చినతను ఒకరి ముఖం చూసి ఏడవడం మొదలుపెట్టేదాకా, ఆ నాలుగు అడుగుల దూరంలో ఆ ఇద్దరూ నిలబడిన తీరు నేను మరిచిపోలేదు. ఆ ఇద్దరి బిళ్లలూ నా చేతిలోనే ఉన్నాయి. వాటితో నాకు ఏమీ పాలుపోలేదు.

బొగ్గులో కూడా ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. కొత్తగూడెం, ఇల్లెందు వైపు పొరలకు క్వీన్ సీము, కింగ్ సీము అని పేర్లు. మా రామగుండంలో ఒకటి, రెండు, మూడు, నాలుగు. మధ్యలో మూడు-ఏ కూడా ఉంది, తర్వాత గుర్తొచ్చిన బంధువు లాగా. పేరున్న సీములో బొగ్గు నాణ్యమైనదనీ లేదు, నంబరున్న సీములో పని తేలికనీ లేదు. ఇంక్లైన్లకూ నంబర్లే. ఎనిమిదో నంబరు ఇంక్లైను దగ్గర కట్టిన కాలనీ ఎయిట్ ఇంక్లైన్ కాలనీ అయింది. జనం నోట్లో పడి అది యైటింక్లైన్ అయి, ఇప్పుడు ప్రభుత్వ కాగితాల్లోనూ ఊరి పేరు అదే. అక్కడ పుట్టిన పిల్లలకు అందులో ఒక ఇంగ్లిషు అంకె దాగుందని కూడా తెలియదు. "మాది యైటింక్లైన్" అంటారు, "మాది మంథని" అన్నంత మామూలుగా. వాళ్లకది రోల్ నంబరు కాదు, అమ్మగారిల్లు.

బీ షియు వూ కూడా షాంఘైలో ఒక పిల్లకు అలాగే వినబడుతుందేమో. ఐదు అన్న అంకె ఆ పిల్ల చెవిన పడకపోవచ్చు. మనకది నంబరుగా వినబడటం మన దూరం వల్లే. రోహిణి వాళ్ల చెవికి ఎలా వినబడుతుందో! ఇంతా చేసి నేనెటు మొగ్గుతానంటే, పిల్లకు మొదట రోహిణే చెప్పాలి, కృష్ణాష్టమి చంద్రుడితో సహా. మేనమామ గండాన్ని మాత్రం అక్కడే తుంచెయ్యాలి. ఆ తర్వాత నంబరూ చెప్పాలి, ఎందుకంటే రోహిణి ఒక్కతే కాదనీ, పక్కన ఇంకా ఏడుగురున్నారనీ నంబరే గుర్తుచేస్తుంది. రోహిణి అనే పేరు తెలిసిన నేను యాభై ఏళ్లలో ఒక్కనాడూ ఆ ఏడింటి కోసం వెతకలేదు. ఐదు అని చదివిన మా మనవరాలు ఆ తర్వాత అడిగిన ప్రశ్న, "మిగతావి ఏవి?"

అందుకని సంక్రాంతి సెలవుల్లో రెండో రోజు రాత్రి కాలనీ దీపాలు దాటి గోదారి గట్టు దాకా పోయాం. చలి. కుక్కలు. ఫోను చూస్తే కళ్లు చెదురుతాయని దాన్ని జేబులో పెట్టించాను. పది నిమిషాలు చీకట్లో ఊరికే నిలబడ్డాక ఒక్కొక్కటీ పైకి రావడం మొదలుపెట్టాయి. మొదట ఐదు, ఆ తర్వాత ఒకటి, నాలుగు. ఆరు ఐదుకు దగ్గర్లోనే. మూడు, ఆ పక్కన రెండు, అదీ చూపు కొంచెం పక్కకు తిప్పితేనే. ఎనిమిదిని ఆ పిల్లే పట్టుకుంది, గుంపుకు దూరంగా, పిడి కొసన. నాలుగు రోజులకోసారి మసకబారి మళ్లీ తేరుకునే చుక్క అది.

"తాతా, ఇది యైటింక్లైన్ లెక్క దూరంగ ఉంది" అంది.

ఏడోది ఎంతసేపు చూసినా ఇద్దరికీ కనబడలేదు. గోదారి మీద పొగమంచు లేస్తుంటే వెనక్కి తిరిగాం. ఒక బిళ్ల పలక మీదే ఉండిపోయింది.